కాగితం లేని పాత సామాను

2023 మే 23న లండన్‌లో బోనమ్స్ సంస్థ టిప్పు సుల్తాన్ పడకగది కత్తిని వేలానికి పెట్టింది. పదిహేను నుంచి ఇరవై లక్షల పౌండ్లు రావచ్చని వాళ్ళ అంచనా. పాట ముగిసి, కొన్నవాళ్ళు సంస్థకు కట్టాల్సిన కమీషన్ కూడా కలిపేసరికి లెక్క కోటీ నలభై లక్షల పౌండ్లకు చేరింది. మన డబ్బులో సుమారు 140 కోట్లు. ఒడిశాలోని బరంపురంలో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారమంతా ఇదే గొడవ. దోచుకుపోయిన సొమ్ము బజారులో పెట్టి అమ్ముతున్నారని ఒకరు, మన ప్రభుత్వం ఏం చేస్తోందని ఇంకొకరు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అంత ధర ఎందుకు పలికిందో ఎవరూ అడగలేదు.

పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ కత్తులు ఇంగ్లండులో చాలానే ఉన్నాయి. పిడి మీద బంగారుపని ఉన్నవీ ఉన్నాయి. వాటిలో ఎక్కువవాటికి ఇందులో వందో వంతు కూడా రాదు. ఈ కత్తికి ధర తెచ్చింది దాని వెంట వచ్చిన రాత. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది, టిప్పు చనిపోయాడు, ఆయన పడకగదిలో ఈ కత్తి దొరికింది, కోట మీద దాడి నడిపిన డేవిడ్ బెయిర్డ్‌కు సైన్యం దీన్ని బహూకరించింది. ఇదంతా ఆధారాలతో సహా చేతులు మారుతూ వచ్చింది. దోపిడీ జరిగిందని చెప్పే సాక్ష్యమే దాని విలువ పెంచింది.

ఈ వ్యాపారంలో దీన్ని ప్రొవెనెన్స్ అంటారు. వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళింది, ఏ సంవత్సరం, ఏ రుజువు. సోథెబీస్ 1744 నుంచి, క్రిస్టీస్ 1766 నుంచి అమ్ముతున్నవాటిలో సగం బరువు ఈ రాతదే. మా గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో వస్తువులకు కొదవ లేదు. రాత లేదు. విదేశాల వేలాల మీద మనం పడే కోపంలో పదో వంతు శ్రద్ధ ఇంట్లో, గుడిలో ఉన్నదాన్ని రాసిపెట్టుకోవడం మీద పెట్టి ఉంటే ఇంత పోగొట్టుకునేవాళ్ళం కాదు. ఈ వ్యాసమంతా ఆ మాట చెప్పడానికే.

ముందు మన తీరం సంగతి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో పక్కపక్క జిల్లాలు. ఆ విశాఖపట్నంలో పద్దెనిమిదో శతాబ్దంలో కంసాలీలు దంతపు పని చేసేవారు. మొదట్లో నల్లటి గట్టి కర్రలో ఏనుగు దంతం ముక్కలు పొదిగేవారు. తరవాత చందనపు కర్రతో పెట్టెలు, కుర్చీలు, అద్దాల బీరువాలు చేసి, వాటి మీద దంతాన్ని పల్చని రేకుల్లా కోసి పరిచి, సన్నటి మేకులతో బిగించేవారు. ఆ దంతం మీద ఉలితో తీగలు, పువ్వులు గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. అంచుల్లోని తీగలు చూస్తే మన తీరంలో వేసిన కలంకారీ, చీటీ గుడ్డల అంచులు గుర్తొస్తాయి. మధ్యలో మాత్రం ఇంగ్లీషు భవనాలు ఉంటాయి. అచ్చు బొమ్మలు ముందు పెట్టుకుని చెక్కారన్నమాట. 1756లోనే ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఈ ఊరి పొదుగుపనిని మెచ్చుకుంటూ రాశాడు.

మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇలాంటి సామాను ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. 1781లో ఆయన ఇంటి సామాను వేలం వేసినప్పుడు మూడో జార్జి రాజు ఆ దంతపు కుర్చీలను తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. రాణి పోయాక 1819లో ఆమె వస్తువులు మళ్ళీ వేలానికి వచ్చాయి. అప్పుడు ఆమె కొడుకే కొన్నాడు. ఇప్పుడు అవి బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. రెండు శతాబ్దాల పైబడిన లెక్క: ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఏ సంవత్సరం. అంతా పదిలంగా ఉంది.

ఆ వరసలో లేనిది ఒక్కటే, చేసినవాళ్ళ పేరు. వించ్ పేరు ఉంది, వేలంశాల పేరు ఉంది, రాణి పేరు ఉంది. ఆ దంతాన్ని రేకులు కోసి, పగలకుండా చందనం మీద పరిచిన కంసాలి ఎవరో ఎక్కడా లేదు. ఏ వీధిలో ఉండేవాడో, ఎన్నాళ్ళు పట్టిందో, ఎంత కూలి ముట్టిందో లేదు. ఇవాళ క్రిస్టీస్‌లోనో బోనమ్స్‌లోనో ఒక విజాగపటం (విశాఖపట్నానికి పాత ఇంగ్లీషు పేరు) పెట్టె అమ్మకానికి వస్తే కేటలాగులో ఊరి పేరు, సుమారు సంవత్సరం ఉంటాయి. ఆ పెట్టె చరిత్ర మొదటి యూరోపియన్ యజమాని దగ్గర మొదలవుతుంది. అంతకుముందు జరిగింది చరిత్ర కానట్టు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. కుర్చీ లండన్‌లో ఉన్నందుకు కూడా అంత బాధ లేదు.

విదేశీయులు మనవాళ్ళ పేర్లు ఎందుకు రాయలేదు అని అడగొచ్చు. మనం రాశామా? మా ఊళ్ళలో కొమ్ముపనికి పర్లాకిమిడి పేరు పెట్టింది పేరు. పశువుల కొమ్ముతో కొంగలు, నెమళ్ళు, దువ్వెనలు చేస్తారు. గుండ్రటి గంజిఫా ఆట ముక్కలకూ ఆ ఊరు ప్రసిద్ధి. బెలుగుంఠలో ఇత్తడి చేపలు చేస్తారు, పట్టుకుంటే బతికున్న చేపలాగే ఒళ్ళు అటూ ఇటూ వంచుతుంది. ఇవి లేని పాత ఇల్లు మా వైపు తక్కువ. ఆ షోకేసుల్లో ఉన్న చేప ఎవరు చేశారో, ఏ సంవత్సరం కొన్నారో అడిగితే చెప్పగలిగే ఇల్లు ఇంకా తక్కువ. కొన్న రోజు చేసినవాడి పేరు అడిగి ఒక చీటీ మీద రాసి అడుగున అంటిస్తే అయిపోయే పని.

ఇక కోదులనే కొండ గిరిజనుల ఇత్తడి బొమ్మలు. గంజాం కొండల్లో కోదుల పెళ్ళిళ్ళకు ఇత్తడి బొమ్మలు ఇచ్చే ఆచారం ఉండేది. ఏనుగులు, గుర్రాలు, నెమళ్ళు, జింకలు, ఎద్దులు. చేసేది కోదులు కాదు. పోతపని తెలిసిన వేరే కులాలవాళ్ళు చేసేవారు. మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి బొమ్మను తయారుచేసి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది కాబట్టి ఒకదానిలాంటిది ఇంకొకటి ఉండదు. ఒంటి మీద ఆ దారాల చారలు అలాగే కనిపిస్తాయి. ఇప్పుడు యూరప్‌లో గిరిజన కళ పేరుతో జరిగే వేలాల్లో, డీలర్ల దుకాణాల్లో ఈ బొమ్మలు వస్తుంటాయి. వాటి కింద ఉండే రాత చాలాసార్లు రెండే ముక్కలు: ఒరిస్సా, పంతొమ్మిదో శతాబ్దం. ఏ ఊరు, ఎవరి పెళ్ళి, ఏ తల్లి ఏ కూతురికి ఇచ్చింది, ఏమీ లేదు.

అవి కొండ దిగి యూరప్ ఎలా చేరాయో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కరువు ఏడాది, జబ్బు, అప్పు. సంతలో తూకానికి అమ్మకం. షావుకారు దగ్గరినుంచి పట్నం వ్యాపారికి, అక్కడినుంచి కళ తెలిసిన కంటికి. మొదటి మెట్టు దగ్గర బొమ్మకు ఇత్తడి ధర వచ్చింది. ఆఖరి మెట్టు దగ్గర కళాఖండం ధర వచ్చింది. మధ్యలో మారింది వస్తువు కాదు, దాన్ని గురించి చెప్పగలిగినవాళ్ళు మారారు. చెప్పగలిగిన మనిషి మొదటి మెట్టు దగ్గరే ఉంది, ఆ కోదు తల్లి. ఆమెను ఎవరూ అడగలేదు.

మైదానంలో మా ఇళ్ళ కథా ఇంతకంటే గొప్పగా లేదు. మా అమ్మమ్మగారిది పర్లాకిమిడి. ఆ ఇంట్లో గంగాళాలు, మరచెంబులు, ఆకుపెట్టెలు, చిలక ఆకారంలో అడకత్తెర, నిలువెత్తు దీపపు సెమ్మె ఉండేవని అమ్మ చెబుతుంది. స్టీలు వచ్చాక వీధుల్లోకి "పాత ఇత్తడికి కొత్త స్టీలు" అంటూ బండ్లు వచ్చాయి. సెమ్మె ఒక పూట తూకం వేయించుకుని వెళ్ళిపోయింది. బదులుగా ఒక స్టీలు బిందె, కొన్ని కంచాలు వచ్చాయి. ఆ ఆడవాళ్ళను నేను ఒక్క మాట అనను. ఇత్తడి గిన్నెకు కళాయి వేయకపోతే పులుసు కిలుమెక్కుతుంది. కళాయి వేసేవాళ్ళు రావడం మానేశారు. అంత పెద్ద గంగాళాన్ని చింతపండు పెట్టి తోమాల్సింది వాళ్ళ చేతులే. స్టీలు వాళ్ళకు నిజంగా విశ్రాంతి ఇచ్చింది. నా బాధ సెమ్మె పోయినందుకు కాదు, దాని ఫొటో ఒక్కటీ లేనందుకు. దాని మీద ఏవో అక్షరాలు ఉండేవంటుంది అమ్మ. తెలుగో ఒడియానో ఆమెకు గుర్తులేదు. అక్షరాలు ఉన్న సెమ్మె అంటే ఎవరో ఏదో గుడికో పెళ్ళికో చేయించినదై ఉండాలి. ఆ సంగతి ఇత్తడితోపాటు కరిగిపోయింది.

దీనికి ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. వేలాలూ సేకర్తలూ లేకపోతే ఇవన్నీ కరిగి కుళాయిలు అయ్యేవి, కొన్నవాళ్ళే బతికించారు అంటారు. కొన్ని వస్తువుల విషయంలో ఇది నిజం. మద్రాసు మ్యూజియంలో మా గంజాం కొండలనుంచి వెళ్ళిన మెరియా కొయ్య ఉంది. నరబలి రోజుల్లో మనిషిని కట్టేసిన, ఏనుగు తొండంలా చెక్కిన కొయ్య. బ్రిటిష్ ప్రభుత్వం బలులు ఆపించాక అలాంటివి మాయమయ్యాయి. ఇది మిగిలింది, ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు. 1936లో జిల్లా ఒరిస్సాలో కలిసినా కొయ్య మద్రాసులోనే ఉండిపోయింది. దాన్ని తిరిగి ఇమ్మని గొడవ చేయాలని నాకు లేదు. అది ఉన్నచోట దాని ఊరూ చరిత్రా రాసి ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. మ్యూజియానికీ వేలానికీ తేడా అక్కడే ఉంది. వేలంలో అమ్ముడైన బొమ్మ ఎవరి ఇంటి గోడ ఎక్కుతుందో కూడా చాలాసార్లు బయటికి రాదు. అమ్మిన మనిషి పేరు చెప్పరు, కొన్న మనిషి పేరు చెప్పరు. అంత రహస్యంగా బతికించినదాన్ని బతికించడం అంటే నేను ఒప్పుకోలేను.

గుడి సంగతికి వస్తాను, అక్కడే నష్టం ఎక్కువ. మా బంధువుల ఊరు గజపతి జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. ఆ ఊరి రామాలయంలో ఒక రాత్రి ఉత్సవ విగ్రహాలు పోయాయి. పోలీసులు వచ్చి ఎత్తు ఎంత, బరువు ఎంత, ఎక్కడైనా గుర్తులు ఉన్నాయా అని అడిగారు. ఒక పెద్దాయన జానెడున్నర అన్నారు, ఇంకొకాయన మూరెడు అన్నారు. పంచలోహమా, వట్టి ఇత్తడా అన్నదాని మీద కూడా మాట కలవలేదు. ఫొటోలు తెమ్మంటే కల్యాణం ఫొటోలు తెచ్చారు. వాటిలో సీతారాములు నిలువెల్లా పూలదండల్లో, పట్టుబట్టల్లో ఉన్నారు. కళ్ళూ కిరీటమూ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఫిర్యాదులో చివరికి రాసింది "పాత విగ్రహాలు మూడు" అని. ఆ విగ్రహాలు రేపు సింగపూర్‌లోనో న్యూయార్క్‌లోనో కనిపిస్తే ఇవి మావి అని ఆ ఊరు ఎలా చెప్పగలదు?

చెప్పగలిగిన ఊళ్ళు ఉన్నాయి. తమిళనాడులో శ్రీపురందన్ అనే ఊరి నటరాజ విగ్రహం దొంగల చేతుల్లో పడి, న్యూయార్క్ డీలర్ సుభాష్ కపూర్ ద్వారా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2008లో వాళ్ళు సుమారు 50 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు. 2014లో తిరిగి ఇచ్చేశారు. ఎందుకిచ్చారు? పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దశాబ్దాలుగా దక్షిణాది గుళ్ళు తిరిగి విగ్రహాల ఫొటోలు తీసి దాచారు. ఆ నలుపు తెలుపు ఫొటోల్లో ఇదే నటరాజు ఆ గుడిలోనే ఉన్నాడు. ఫొటో పక్కన విగ్రహం పెడితే వాదించడానికి ఇంకేమీ మిగల్లేదు. కపూర్‌ను 2011లో జర్మనీలో పట్టుకున్నారు, 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. ఈ కేసులో ఎంతో మంది పోలీసులు, లాయర్లు, ఔత్సాహికులు కష్టపడ్డారు. అయినా అందరికంటే పెద్ద సాక్షి కెమెరా. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి పోయిన శిల్పం కూడా అదే ఆస్ట్రేలియా గ్యాలరీలో తేలి 2016లో వెనక్కి వచ్చింది.

ఇదే కపూర్ వ్యవహారంలో నన్ను భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఆర్ట్ లాస్ రిజిస్టర్ అని పోయిన కళావస్తువుల జాబితా నడిపే సంస్థ ఒకటి లండన్‌లో ఉంది. పెద్ద వేలంశాలలు అమ్మే ముందు ఆ జాబితాలో చూస్తాయి. కపూర్ దొంగ విగ్రహాలకు కూడా అక్కడినుంచి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాడు. ఆ విగ్రహాలు పోయాయని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు కాబట్టి జాబితాలో లేవు, అంతే. జాబితాలో లేదన్న మాటే శుభ్రమైన వస్తువు అన్న మాటగా చెల్లిపోయింది. "పాత విగ్రహాలు మూడు" అని రాసిన ఫిర్యాదు ఏ జాబితాలోకీ ఎక్కదు. అంటే మన మౌనాన్నే దొంగ తన సర్టిఫికెట్‌గా వాడుకుంటున్నాడు.

2025లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా రత్నాల విషయంలో వేలం ఎందుకు ఆగింది? 1898లో విలియం పెప్పే తవ్విన స్తూపంలో దొరికినవి అవి. ఆయన వారసులు హాంకాంగ్‌లో సోథెబీస్ ద్వారా మే 7న అమ్మబోతే భారత ప్రభుత్వం నోటీసు పంపి ఆపించింది. జులైలో పారిశ్రామికవేత్త పిరోజ్‌షా గోద్రెజ్ కొనగా అవి దేశానికి వచ్చాయి. బుద్ధుడి ధాతువులతో (అస్థికలతో) ఉన్న రత్నాలను వేలం పాడటం ఏమిటని ప్రపంచమంతా బౌద్ధులు అడిగారు, ఆ ఒత్తిడి పని చేసింది. కానీ ఆ ప్రశ్న అడగడానికి వీలైంది ఎందుకంటే ఏ స్తూపం, ఏ సంవత్సరం, ఏ భరిణలో, దాని మీద ఏ అక్షరాలు అన్నది 127 ఏళ్ళుగా రాసి ఉంది.

మన దేశంలో చట్టం లేక కాదు. 1972 పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన శిల్పం, లోహపు బొమ్మ, చిత్రం పురావస్తువు కిందికి వస్తాయి. తాళపత్రాల్లాంటి రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు. కేంద్ర ప్రభుత్వమో, అది అనుమతించిన సంస్థో తప్ప ఎవరూ వీటిని విదేశాలకు పంపకూడదు. దేశంలో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. కొన్ని రకాల వస్తువులు ఉన్నవాళ్ళు రిజిస్టర్ చేయించుకోవాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ అంటోంది.

మా వైపు జనానికి ఈ చట్టాల గురించి తెలిసింది ఒక్కటే: చెబితే సర్కారువాళ్ళు పట్టుకుపోతారు. ఆ టెన్షన్‌తో పాత విగ్రహం ఉన్న ఇల్లు నోరు మూసుకుంటుంది. నిజానికి రిజిస్టర్ చేయించినంత మాత్రాన వస్తువు మీద హక్కు పోదు. కావాలంటే ప్రభుత్వం పరిహారం ఇచ్చి తీసుకునే అధికారం చట్టంలో ఉంది కానీ, నిజంగా పూజలో ఉన్న వస్తువులకు అది వర్తించదని అందులోనే రాసి ఉంది. ఈ ఒక్క వాక్యం తెలుగులో, ఒడియాలో అచ్చువేసి ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించి ఉంటే ఎంత భయం పోయేది! చట్టం చేసి యాభై ఏళ్ళు దాటింది. శిక్ష గురించి చెప్పినంత గట్టిగా రక్షణ గురించి ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో తప్పు జనానిది అంటే నేను ఒప్పుకోను.

సరిహద్దులో ఇంకో చిక్కు కూడా ఉంది. మా పాత ఇళ్ళలో దేవుడి మాన్యాల లెక్కలు, కానుకల పట్టీలు తెలుగులో ఉంటాయి. ఇప్పుడు ఆఫీసులో కాగితం ఒడియాలో కావాలి. పిల్లలు ఇంగ్లీషులో చదువుతున్నారు. తాత రాసిన పట్టీ మనవడికి అర్థం కాదు, అర్థమయ్యే నాయనమ్మను ఆఫీసులో ఎవరూ అడగరు. పాత పుస్తకాలు చెదలు పట్టి, చిత్తు కాగితాల బరువుకు వెళ్ళిపోతున్నాయి.

రాత లేని చోట పుకారు చేరుతుంది. కోట్ల ధరల వార్తలు వచ్చినప్పుడల్లా మా జిల్లాల్లో ఒక జబ్బు లేస్తుంది. రైస్ పుల్లింగ్ చెంబు అంటారు, బియ్యపు గింజల్ని లాక్కునే రాగి పాత్రకు కోట్లు ఇస్తారంటారు. అడ్వాన్సు కట్టి మునిగినవాళ్ళు ఆంధ్రలోనూ ఇక్కడా ఉన్నారు. పాత అయిదు రూపాయల నోటుకు లక్షలు అనే వీడియోలు చూసి కమీషన్ కట్టి మోసపోతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. అన్నిటికంటే ఘోరం గుప్తనిధుల తవ్వకాలు. పాడుబడ్డ శివాలయంలో నంది కింద తవ్వుతారు, నందిని పగలగొడతారు. దొరికేది ఏమీ ఉండదు. పోయేది ఎన్నో శతాబ్దాల రాయి. పాత వస్తువుకు ధర ఎలా వస్తుందో తెలిసిన మనిషి నందిని పగలగొట్టడు. విరిగిన నందికి, చోటునుంచి పీకేసిన నందికి విలువ పోతుందని తెలిస్తే చాలు.

మరి ఏం చేయాలి? నేను మా ఇళ్ళలో, మా బంధువుల గుడిలో మొదలుపెట్టినది చెబుతాను. దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఒకటి ఉంది, ఆబ్జెక్ట్ ఐడి అంటారు. అమెరికాలో గెట్టీ సంస్థ 1997లో దాన్ని తెచ్చింది. అది అడిగేవన్నీ మామూలు ప్రశ్నలే: ఏ వస్తువు, దేనితో చేశారు, కొలతలు ఎంత, అక్షరాలు ఉన్నాయా, బొమ్మ దేనిది, ఎప్పటిది, ఎవరు చేశారు. అన్నిటికంటే ముఖ్యం ఆ ఒక్క వస్తువుకే ఉన్న గుర్తు. విరిగిన వేలు, అతికిన చెవి, పీఠం మీద సొట్ట. దొంగ రంగు మార్చగలడు, మెరుగు పెట్టగలడు. సొట్టను మార్చడం కష్టం. ఫొటో పక్కన స్కేలు పెట్టి ముందు, వెనుక, అడుగు తీయాలి. అడుగు తీయడం చాలామంది మర్చిపోతారు. పోతపనిలో అడుగు చూస్తేనే చేసిన చెయ్యి తెలుస్తుంది.

గుడిలో అర్చకులతో మాట్లాడాలి. గర్భగుడిలో ఫొటో తీయకూడదంటారు, ఆ మాటను గౌరవించాలి. కానీ ఉత్సవ విగ్రహాలకు స్నపనం, అంటే అభిషేక స్నానం, చేసేది చాలాచోట్ల బయట మండపంలో. అలంకారం తీసి, పూలు వేయకముందు ఉన్న ఆ కాసేపు చాలు. మా బంధువుల గుడిలో కొత్తగా చేయించిన విగ్రహాలకు అర్చకులే దగ్గరుండి కొలతలు చెప్పారు. "పోయాక ఏడవడం కన్నా ఇది మేలు కదమ్మా" అన్నారు. బరువు తూచి రాశాం, చేసిన స్థపతి పేరు, ఊరు, ఫోను నంబరుతో సహా రాశాం. చందా ఇచ్చినవాళ్ళ పేర్ల బోర్డు మీద ఆయన పేరు కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. మొదట కొంచెం గుసగుసలు వచ్చాయి, తరవాత ఒప్పుకున్నారు.

ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఫోనులో మాటలు రికార్డు చేయడం కూడా ఇందులో భాగమే. ఈ ఆకుపెట్టె ఎవరి పెళ్ళిది, ఈ గంజిఫా ముక్కలు ఎవరు వేశారు, ఈ చీర బరంపురం మగ్గం మీద ఎవరు నేశారు. కొండ ఊళ్ళలో పనిచేసే మా ఉపాధ్యాయ మిత్రులకూ ఇదే చెబుతున్నాను. కోదుల ఇళ్ళలో, సవరల ఇళ్ళలో మిగిలిన బొమ్మ కనిపిస్తే కొనకండి, బేరం చేయకండి. ఆ ఇంటి ఆమెను అడిగి, ఆమె ఒప్పుకుంటే ఆమె మాటల్లోనే రాసి, కాగితం ఆమెకే ఇచ్చి రండి. రేపు కష్టం వచ్చి అమ్ముకోవాల్సివస్తే అది వట్టి ఇత్తడి కాదని, తూకం ధర దాని ధర కాదని ఆమెకు తెలిసి ఉండాలి. అమ్ముకునే హక్కు ఆమెది. మోసపోకుండా ఉండే హక్కు కూడా ఆమెదే.

రాసినదానికి కాపీలు తీసి తలో చోట పెట్టాలి. గుడిలో ఒకటి, పోలీస్ స్టేషన్‌లో రసీదు తీసుకుని ఒకటి, విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లల దగ్గర ఒకటి. తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. పోయిన వస్తువుల జాబితా ఇంటర్‌పోల్ దగ్గర ఉంది, 2021 నుంచి దానికి ఫోనులో చూసుకునే ఐడి-ఆర్ట్ యాప్ కూడా ఉంది. వస్తువు పోతే ఫిర్యాదులో ఫొటో, కొలత, గుర్తు ఉన్నాయో లేదో చూసుకుని, ఆ వివరాలు ఇంటర్‌పోల్ దాకా పంపమని పోలీసులను రాతపూర్వకంగా అడగాలి. ఛత్రపురం, పర్లాకిమిడి కలెక్టరాఫీసుల నుంచి నేను కోరేది కూడా పెద్దదేం కాదు. గుళ్ళ విగ్రహాల జాబితాలు ఫొటోలతో సహా తీసుకుని భద్రపరిచే ఒక గుమస్తాను, తెలుగూ ఒడియా రెండూ చదవగలిగే మనిషిని, ఒక్కో జిల్లాకు ఒకరిని పెట్టమని. వచ్చే శ్రీరామనవమికి మా బంధువుల చుట్టుపక్కల ఊళ్ళలో స్నపనం రోజునే కొలతలు తీయడానికి కొందరు కుర్రవాళ్ళు ఒప్పుకున్నారు. మీ ఊళ్ళో కూడా ఎవరైనా ముందుకొస్తే నింపాల్సిన ఫారం రెండు భాషల్లోనూ తయారుగా ఉంది.